గుర్రం చేత షట్టరు నొక్కించిన ఛాయాచిత్రకారుడు: ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్

మా కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మేము కొందరు విద్యార్థులం ఒక చిన్న ప్రయత్నం చేశాము. వెడల్పాటి పళ్లెంలో నీరు పోసి, పైనుండి గాజు గోలీని జారవిడిచి, అది నీటిని తాకిన క్షణంలో కిరీటంవలె పైకి లేచే నీటిని ఫోటో తీయాలన్నది మా సంకల్పం. చేతితో మీట నొక్కితే ఆ క్షణం చిక్కదు. కనుక ఆ పనిని గోలీకే అప్పగించాము. గోలీ పడే దారికి ఒక ప్రక్క కంటికి కనబడని పరారుణ కాంతి నిచ్చే దీపాన్నీ, ఎదురుగా ఆ కాంతిని గ్రహించే మరొక చిన్న పరికరాన్నీ అమర్చాము. గోలీ అడ్డుపడి కాంతి తెగగానే ఒక ట్రాన్సిస్టరు పని చేస్తుంది. దాని సంకేతం ఆప్టో కప్లర్ అనే చిప్పు గుండా కెమెరాకు చేరుతుంది. కెమెరా ప్రక్కన ఉండే సన్నని రంధ్రంలో మూడు లోహపు కొనలున్నాయి. ఒకటి ఉమ్మడి కొన. దానికి రెండవది తగిలితే కెమెరా దూరాన్ని సరిచూసుకుంటుంది. మూడవది తగిలితే షట్టరు తెరుచుకుంటుంది. ఇంతకు మించి అందులో మాయ ఏమీ లేదు.

అయినను మొదటి ఫోటోలో నీటి అలలు తప్ప మరేమీ పడలేదు. గోలీ అప్పటికే మునిగిపోయింది! సంకేతం అందినప్పటినుండి షట్టరు తెరుచుకునే వరకు కెమెరా కొంత ఆలస్యం చేస్తుందనీ, సెకనులో కొన్ని నూరవ వంతులే అయినా ఆ ఆలస్యం గోలీకి ఎంతో సమయమనీ అప్పుడు గ్రహించాము. కాంతి కిరణాన్ని జానెడున్నర పైకి జరిపిన తరువాత గాని మా కోరిక తీరలేదు. మేము పళ్లెం ముందు పడిన ఈ పాట్లను ట్రాన్సిస్టరు అన్న మాటైనా లేని కాలంలో, పరుగెత్తే గుర్రం ముందు పడిన ఒక మనిషి ఉన్నాడని మా అధ్యాపకులు చెప్పగా విన్నాము. ఆయన జీవితాన్ని చదివిన కొద్దీ అది మేమనుకున్నంత సూటి కథ కాదని తెలిసింది. దానినే ఇక్కడ పాఠక మిత్రుల ముందుంచుతున్నాము.

ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ 1830 ఏప్రిల్ 9వ తేదీన ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున గల కింగ్‌స్టన్ పట్టణంలో జన్మించారు. తండ్రి ధాన్యము, బొగ్గు విక్రయించే వర్తకుడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఎడ్వర్డ్ జేమ్స్ మగరిడ్జ్. ఈ ఇంటిపేరును ఆయన మొదట మైగ్రిడ్జ్ అనీ, తరువాత మైబ్రిడ్జ్ అనీ మార్చుకున్నారు. చివరకు ఎడ్వర్డ్ అన్న మాటను కూడా సాధారణమైన అక్షరక్రమంలో వ్రాయడం మానివేసి, ప్రాచీన సాక్సను రాజుల నాటి అక్షరక్రమంలో వ్రాయసాగారు. ఆ రాజులు పట్టాభిషిక్తులైనదిగా చెప్పే శిల ఒకటి కింగ్‌స్టన్‌లో ఉన్నది. దానిపై చెక్కిన పేర్లలో ఈ పేరు ఆ విధంగానే కనబడుతుంది. మొదటి కొన్నేళ్లు ఫోటోల క్రింద హీలియోస్ అని గ్రీకుల సూర్యదేవుని పేరు కూడా వేసుకున్నారు. తన పేరు విషయంలో ఇంత శ్రద్ధ వహించిన మనిషికి ఆ పేరే తరువాత ఎన్ని చిక్కులు తెచ్చిపెట్టిందో ముందు ముందు చూడగలరు.

ఇరవై ఏండ్ల ప్రాయంలో ఆయన అమెరికా చేరి, 1855 నాటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో పుస్తకాల దుకాణం నడుపుతుండిరి. 1860లో స్వదేశానికి పయనమై గుర్రపు బండిలో దేశం అడ్డంగా వెళ్తుండగా టెక్సాస్ ప్రాంతంలో గుర్రాలు బెదిరి బండి బోల్తా పడింది. మైబ్రిడ్జ్ తలకు తీవ్రమైన గాయం తగిలింది. చాలాకాలం ఒక వస్తువు రెండుగా కనబడేదట. బండి కంపెనీపై దావా వేసి పరిహారం పొంది, ఇంగ్లండు చేరి చికిత్స చేయించుకున్నారు. ఈ విరామ కాలంలోనే ఫోటోగ్రఫీ నేర్చుకున్నారని చరిత్రకారుల అభిప్రాయం. 1867లో తిరిగి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చేసరికి ఆయన పుస్తక విక్రేత కాదు, ఛాయాచిత్రకారుడు. యోసెమిటీ లోయలోని కొండలను, జలపాతాలను, మరుసటి సంవత్సరం అలాస్కాను చిత్రించి మంచి పేరు గడించారు. ఆ రోజులలో గాజు పలకపై రసాయనాన్ని అప్పటికప్పుడు పూసి, తడి ఆరకముందే ఫోటో తీసి, అక్కడికక్కడే కడగవలసి ఉండేది. కొండ శిఖరానికి కెమెరాతో పాటు చీకటి గుడారం కూడా మోసుకొని పోవలసిందే.

ఇక గుర్రం సంగతి. కాలిఫోర్నియా మాజీ గవర్నరు, సెంట్రల్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు లీలండ్ స్టాన్‌ఫర్డ్ కోటీశ్వరుడు. పందెపు గుర్రాలంటే ప్రాణం. గుర్రం వేగంగా పోయేటప్పుడు ఏ క్షణంలోనైనా నాలుగు కాళ్లూ ఒక్కసారి నేలను విడుస్తాయా లేదా అన్నది ఆనాటి అశ్వప్రియుల వివాదం. దీనిపై స్టాన్‌ఫర్డ్ 25 వేల డాలర్ల పందెం కాశాడని ఒక కథ ప్రచారంలో ఉన్నది. వినడానికి ఇంపైన కథే గాని, దానికి ఆధారమేదీ దొరకలేదు. గుర్రాలకు శిక్షణ ఇవ్వాలంటే వాటి కాళ్ల కదలిక తెలియాలన్నదే ఆయన అసలు ఆసక్తి.

మన భాషల వారికీ గుర్రపు నడకలు కొత్త కావు. అమరకోశం గుర్రపు గతులను ఐదు ధారలుగా విభజించి ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టింది. ఉర్దూ తెలిసినవారు దుల్కీ అనీ, సర్పట్ అనీ నడకకూ పరుగుకూ తేడా చెప్తారు. ఇన్ని పేర్లు పెట్టిన కళ్లకు కూడా ఆ కాళ్ల స్థితి అందలేదు. మొగలుల చిత్రాలలోనూ, ఐరోపా చిత్రాలలోనూ దౌడు తీసే గుర్రం ముందు కాళ్లు ముందుకీ, వెనుక కాళ్లు వెనుకకీ చాచి గాలిలో తేలుతూ ఉంటుంది. చూసినవారంతా నిజమేనని తలలూపారు.

1872లో స్టాన్‌ఫర్డ్ పిలుపుపై మైబ్రిడ్జ్ ఆక్సిడెంట్ అనే గుర్రాన్ని చిత్రించబూనారు. ఒక్క కెమెరా, చేతివాటం షట్టరు. మసక నీడవంటి ఆకారాలే వచ్చాయి. పని ముందుకు సాగేలోగా ఆయన జీవితంలో ఒక ఘోరం జరిగింది.

దీనిని వ్రాయాలా మానాలా అని మాలో మేము తర్కించుకున్నాము. మహనీయుల చరిత్రలో మచ్చలను తుడిచి వ్రాయడం ఇటువంటి సంచికలలో వాడుకే. కాని తుడిచివేస్తే ఇది ఆ మనిషి చరిత్ర కాకుండా పోతుంది. మైబ్రిడ్జ్ తనకంటే ఎంతో చిన్నదైన ఫ్లోరాను వివాహమాడారు. 1874లో వారికి కుమారుడు కలిగాడు. ఆ బిడ్డ తండ్రి తాను కాదనీ, హారీ లార్కిన్స్ అనే వ్యక్తి అనీ అదే సంవత్సరం అక్టోబరులో ఆయనకు అనుమానం బలపడింది. అక్టోబరు 17వ తేదీ రాత్రి కాలిస్టోగా సమీపంలో లార్కిన్స్ ఉన్న చోటికి వెళ్లి, పిలిచి, తుపాకితో కాల్చి చంపారు. 1875 ఫిబ్రవరిలో నాపా పట్టణంలో విచారణ జరిగింది. బండి ప్రమాదంలో తలకు తగిలిన దెబ్బ తరువాత ఆయన స్వభావమే మారిపోయిందని మిత్రులు సాక్ష్యమిచ్చారు. జ్యూరీ ఆ మతిభ్రమణ వాదాన్ని అంగీకరించకపోయినా, హత్య సమంజసమేనని నిర్దోషిగా విడిచిపెట్టింది. చట్టానికి విరుద్ధమైన ఆ తీర్పును నేడు మేము ఏ విధంగానూ సమర్థించలేము. మైబ్రిడ్జ్ మధ్య అమెరికా దేశాలకు ఫోటోలు తీయ వెళ్లారు. ఆ సంవత్సరమే ఫ్లోరా మరణించింది. బాలుడు అనాథాశ్రమంలో పెరిగాడు. సెకనులో వేయవ వంతును పట్టుకొన్న ఆ చూపు ఆ పసివాని వైపు తిరిగినట్లు కనబడదు.

తిరిగి వచ్చిన తరువాత 1877లో స్టాన్‌ఫర్డ్ పనిని మరల చేపట్టారు. ఆ వేసవిలో ఆక్సిడెంట్ పరుగు చిత్రమొకటి లోకానికి చూపగా పత్రికలు శంకించాయి. శంక నిరాధారం కాదు. అది ఫోటోను చూసి చిత్రకారుడు వేసిన బొమ్మకు తీసిన ఫోటో! అసలు ఫోటో అంత స్పష్టంగా లేకపోవడమే ఇందుకు కారణం. అందుచేత తరువాతి ప్రయోగం పదిమంది ఎదుట, అనుమానానికి తావు లేకుండా జరుపవలసి వచ్చింది.

స్థలం పాలో ఆల్టోలోని స్టాన్‌ఫర్డ్ అశ్వశాల. అదే స్థలంలో నేడు ఆయన కుటుంబం స్థాపించిన విశ్వవిద్యాలయం ఉన్నది. పరుగు బాట ప్రక్కగా పొడవాటి కొట్టం కట్టి అందులో 12 కెమెరాలను వరుసగా నిలిపారు. ఎదుట తెల్లని తెర. దానిపై దూరాన్ని కొలవడానికి నిలువు గీతలు, అంకెలు. బాట మీద కూడా తెల్లని సున్నం చల్లారు. ఆనాటి రసాయనం మందకొడిది. ఎంత వెలుతురున్నా దానికి చాలేది కాదు. కనుకనే ఆ చిత్రాలలో గుర్రాలు ఇంచుమించు నల్లని నీడలవలె ఉంటాయి.

ఈ కథకంతటికీ కీలకం షట్టరు. కటకం ముందు రెండు పలకలు. ఒక్కొక్కదానిలో ఒక సందు. సాగదీసిన రబ్బరు పట్టీలు ఒక పలకను పైకీ, మరొకదానిని క్రిందికీ లాగడానికి సిద్ధంగా ఉంటాయి. ఒక కొక్కెం వాటిని పట్టి ఉంచుతుంది. విద్యుదయస్కాంతానికి కరెంటు అందిన క్షణంలో కొక్కెం జారుతుంది. పలకలు ఎదురెదురుగా దూసుకుపోతాయి. రెండు సందులూ ఒకదానినొకటి దాటే ఆ లిప్తపాటు మాత్రమే వెలుతురు లోపలికి పోతుంది. ఇక ఆ కరెంటును పంపేదెవరు? పన్నెండు కెమెరాలకు పన్నెండు మందిని నిలిపినా లాభం లేదు. ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ మధ్య వ్యవధి సెకనులో ఇరవై ఐదవ వంతు. మనిషి చెయ్యి కదిలేలోపల గుర్రం మూడు నాలుగు కెమెరాలను దాటిపోతుంది.

కనుక గుర్రం చేతనే నొక్కించారు. గుర్రం రెండు చక్రాల తేలిక బండిని లాగుతూ దుల్కీ నడకలో వచ్చేటప్పుడు, బాటకు అడ్డంగా పరచిన తీగలను బండి చక్రం అదిమేది. తీగ తగిలి విద్యుద్వలయం పూర్తయ్యేది. సవారీ గుర్రానికి చక్రం లేదు కదా! దాని కొరకు బాటకు అడ్డంగా సన్నని దారాలు కట్టారు. గుర్రం రొమ్ము దారాన్ని లాగగానే ఆ కెమెరా వలయం కలిసేది, తరువాత దారం తెగేది. మా గోలీ కాంతి కిరణాన్ని తెంచినట్లే, ఆ గుర్రం నూలుపోగును తెంచింది. ప్రయోగశాలలో మాకు దూరాలు జరుపుకునే స్వేచ్ఛ ఉండెను. వారికి మాత్రం బండి చక్రం వచ్చేదాకా ఒక్క అవకాశమే; గురి తప్పితే మరల పన్నెండు పలకలకూ తడి రసాయనం పూసుకోవాలి.

1878 జూన్ 15వ తేదీన పత్రికా విలేఖరులను, అశ్వప్రియులను పిలిచి వారి ఎదుట ఏబ్ ఎడ్జింగ్‌టన్ అనే గుర్రాన్ని బండితోనూ, శాలీ గార్డ్‌నర్ అనే ఆడగుర్రాన్ని సవారీతోనూ పరుగెత్తించారు. గాజు పలకలను అక్కడే కడిగి చూపించారు. శాలీ పరుగులో జీను పట్టీ తెగింది; ఆ తెగిన పట్టీ కూడా చిత్రాలలో కనబడేసరికి శంకించేవారికి నోట మాట లేకపోయింది. ఆ నెల 19వ తేదీ వేసి అచ్చు వేసిన శాలీ గార్డ్‌నర్ చిత్రాల కార్డు లోకప్రసిద్ధం. బొమ్మకూ బొమ్మకూ 27 అంగుళాల దూరమని దానిపై పేర్కొన్నారు.

ఆ బొమ్మలు చెప్పినదేమి? నాలుగు కాళ్లూ నేలను విడుస్తాయి. అంతవరకు స్టాన్‌ఫర్డ్ ఊహ నిజం. కాని దౌడులో విడిచేది చిత్రకారులు వేసినట్లు కాళ్లు చాచినప్పుడు కాదు; నాలుగూ ముడుచుకొని పొట్ట క్రిందికి చేరినప్పుడు! చాచిన కాళ్ల అందమైన భంగిమ ఏ బొమ్మలోనూ లేదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు మారే అంతకు ముందే గుర్రపు గిట్టలకు గాలి నిండిన రబ్బరు బుడ్డలు అమర్చి, గొట్టాల ద్వారా రౌతు చేతిలోని డోలుపై గీతలుగా ఇదే సంగతిని నమోదు చేశారు. గీతలను నమ్మని లోకం బొమ్మలను నమ్మింది. కొందరు చిత్రకారులు మాత్రం ఈ భంగిమలు వికారంగా ఉన్నాయని కొట్టివేశారు.

ఇక్కడొక న్యాయం మాట చెప్పవలసి ఉన్నది. ఆ విద్యుత్ షట్టరును రూపొందించడంలో ప్రధాన హస్తం స్టాన్‌ఫర్డ్ రైల్వేలో పనిచేసే జాన్ ఐజాక్స్ అనే యువ ఇంజనీరుది. పరికరాలు తయారైనవి కార్మికుల చేతుల మీద. 1879 మార్చి 4వ తేదీన ఈ పద్ధతికీ, యంత్రానికీ రెండు పేటెంట్లు వచ్చాయి. రెండింటిపైనా ఉన్నది మైబ్రిడ్జ్ పేరు ఒక్కటే.

వెంటనే కెమెరాల సంఖ్య 24కు పెరిగింది. విడివిడి బొమ్మలను మరల కదలించి చూపడానికి ఆయన జూప్రాక్సిస్కోపు అనే యంత్రాన్ని నిర్మించారు. గుండ్రని గాజు పళ్లెం అంచున వరుసగా బొమ్మలు వేసి, దానిని త్రిప్పుతూ వెలుతురు ద్వారా తెరపై పడనిస్తే గుర్రం పరుగెత్తేది. 1880లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రజలకు దీనిని చూపారు. 1881లో పారిస్‌లో మారే ఇంట శాస్త్రజ్ఞులు, చిత్రకారుడు మెసోనియే ఇంట కళాకారులు సమావేశమై చూశారు. 1882 మార్చిలో లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో యువరాజు సమక్షాన ప్రదర్శించారు. రాయల్ సొసైటీ ఆయన వ్యాసాన్ని ప్రచురించడానికి సమ్మతించింది.

సరిగా ఆ సమయంలోనే అమెరికాలో గుర్రపు గమనంపై పెద్ద గ్రంథం వెలువడింది. వ్రాసినవారు డాక్టరు స్టిల్‌మన్, వేయించినవారు స్టాన్‌ఫర్డ్. మైబ్రిడ్జ్ ఫోటోల ఆధారంగా వేసిన బొమ్మలతో నిండిన ఆ గ్రంథపు ముఖపత్రంపై మైబ్రిడ్జ్ పేరు లేదు. పీఠికలో మాత్రం తాము నియమించుకొన్న నేర్పరియైన ఫోటోగ్రాఫరుగా ప్రస్తావన ఉన్నది. దానిని చూసిన రాయల్ సొసైటీ వ్యాస ప్రచురణను విరమించుకొన్నది. లండనులో తలెత్తుకు తిరిగిన మనిషి ఒక్కసారిగా పరాయి పని తనదని చెప్పుకొన్నవాడయ్యాడు. స్టాన్‌ఫర్డ్‌పై దావా వేశారు, ఓడిపోయారు. పదేళ్ల స్నేహం ముగిసింది.

ఆ అవమానం అన్యాయమేనని మేము భావిస్తున్నాము. అయితే పేటెంటు కాగితంపై ఐజాక్స్ పేరు లేకపోవడం ఆయనకు అన్యాయంగా తోచినట్లు ఎక్కడా కనబడదు. గుర్రం యజమానిది, యంత్రం ఇంజనీరుది, రసాయనమూ, కెమెరా కూర్పూ, పట్టుదలా ఫోటోగ్రాఫరువి. ఎవరి మటుకు వారు తక్కినవారిని తమ సేవకులుగా తలచారు.

మైబ్రిడ్జ్ క్రుంగిపోలేదు. 1884 నుండి ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆయనకు స్థలమూ, ధనమూ సమకూర్చింది. పర్యవేక్షణకు ఆచార్యుల సంఘాన్నీ నియమించింది. చిత్రకారుడు థామస్ ఈకిన్స్ అందులో ఒకరు. ఇప్పుడు తడి పలకలు పోయి, వేగంగా పనిచేసే పొడి పలకలు వచ్చాయి. దారాలు కూడా పోయాయి. మెట్లెక్కే మనిషి, ఎగిరే పక్షి, జంతుప్రదర్శనశాలలోని మృగం దారం తెంచవు గదా! అందుకు బదులు వలయాకారంలో అమర్చిన 24 లోహపు ముక్కల మీదుగా ఒక స్పర్శ కుంచె తిరిగే యంత్రాన్ని వాడారు. కుంచె ఒక్కొక్క ముక్కను తాకినప్పుడు ఒక్కొక్క కెమెరాకు కరెంటు పోయేది. కుంచె వేగాన్ని మార్చితే బొమ్మల మధ్య వ్యవధి మారేది. కాలాన్ని కొలవడానికి కంపించే శ్రుతిదండం గీసే గీతలు ఉండేవి. నేడు విద్యార్థులు టైమరు చిప్పులతో సాధించే పనిని ఆయన ఇత్తడి, రబ్బరు, బ్యాటరీలతో సాధించారు. మాకు అన్నిటికంటె ఆశ్చర్యం గొలిపినది ఈ యంత్రమే.

ఈ కృషి ఫలితం 1887లో వెలువడిన 781 పలకల మహాసంపుటి. నడిచే, దూకే, బరువులెత్తే మనుషులు. గుర్రాలు, ఏనుగులు, పక్షులు. అవయవ లోపంతో నడిచే రోగులు కూడా. వైద్యులకు, చిత్రకారులకు అది నేటికీ ఉపయోగపడుతున్నది. 1888లో ఆయన ఎడిసన్‌ను కలిశారు. బొమ్మకు ధ్వనిని చేర్చే మాట వారి మధ్య వచ్చిందని మైబ్రిడ్జ్ తరువాత వ్రాసుకొన్నారు. 1893లో చికాగో ప్రదర్శనలో తన యంత్రం కొరకే ఒక మందిరం నడిపారు గాని లాభించలేదు. కొద్ది సంవత్సరాలలో చలనచిత్రాలు వచ్చి, గాజు పళ్లెపు బొమ్మలను చూసేవారు కరువయ్యారు.

1894లో ఆయన కింగ్‌స్టన్‌కు తిరిగి వచ్చి, జంతువుల గమనంపై 1899లోనూ, మానవుల గమనంపై 1901లోనూ రెండు గ్రంథాలు ప్రకటించారు. ముఖపత్రాలపై ఈసారి ఆయన పేరే ఉన్నది. 1904 మే 8వ తేదీన మరణించారు. జూప్రాక్సిస్కోపు యంత్రాన్నీ, లాంతరు బొమ్మలనూ స్వగ్రామానికి వ్రాసి ఇచ్చారు. అవి అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. అనాథాశ్రమంలో పెరిగిన కుమారుడు తోటపనులు, కూలిపనులు చేసుకొని బ్రతికి 1944లో శాక్రమెంటోలో కారు ప్రమాదంలో మరణించాడు.

మైబ్రిడ్జ్ భౌతికకాయాన్ని వోకింగ్‌లో దహనం చేశారు. అక్కడి స్మారక ఫలకంపై ఒక్క అక్షరం తప్పు పడి, ఆయన ఇంటిపేరు తప్పుగా చెక్కబడి ఉన్నది.